ఏడో దీపం

మాస్కో నుండి వచ్చే జీతాలు ఆగిపోయి, సామూహిక వ్యవసాయ క్షేత్రపు ట్రాక్టర్లు ఒక్కొక్కటే ఇనుము తూకానికి కొండల అవతలికి తరలిపోతున్న సంవత్సరంలో, ఆ ట్రాక్టర్ల విద్యుత్ తీగలను వైద్యుడు రోగి నాడిని ఎరిగినట్లు ఎరిగిన ఇరవై రెండేళ్ళ జుమాకాదిర్, పని పోయిన మర్నాడే, రైళ్ళలో సరుకు మోసిన పాత ఇనుపపెట్టెనొకదాన్ని నారిన్ పట్టణపు బజారు అంచున, తన ఇంటి ముంగిట నిలబెట్టి, దాని తలుపు మీద తెల్లరంగుతో మెరుపు గుర్తు గీసి, కార్ల దీపాలూ తీగలూ బాగుచేసే వృత్తిలో కూర్చున్నాడు. అప్పటి నుండి నారిన్ నది ముప్పై ఒక్కసార్లు గడ్డకట్టి కరిగింది గాని, అతడు మాత్రం ఆ పెట్టెలో నుండి లేవలేదు.

ఇనుపపెట్టె వేసవిలో పెనంలా కాలేది, చలికాలంలో వేలు తగిలితే చర్మం ఊడేది. ఆ రెంటి నడుమనే అతని నడుము వంగింది, గడ్డం నెరిసింది, కూతురు జిపారా పెరిగి అత్తవారింటికి వెళ్ళింది. ఐదు పూటల నమాజు విడువనివాడు. పాత తీగ అతికించి కొత్తదని ఎన్నడూ చెప్పినవాడు కాడు. అతని చేతికి అంటిన దోషం ఒక్కటే ఉండేది, అది ఆ బజారు మొత్తానికీ ఉమ్మడి దోషం. దానికి అక్కడివారు పెట్టుకొన్న పేరు ‘కన్ను మూయడం’.

కారు అమ్మదలచినవాడు బేరానికి ముందు రోజు వస్తాడు. స్టీరింగు వెనుక ఎర్రదీపం ఏదో ఒకటి వెలుగుతూ ఉంటుంది: ఇంజను ఆయిలు తగ్గిందనో, బ్రేకు ఆయిలు కారుతోందనో ఆ దీపం చెబుతుంది. రోగం కుదర్చడానికి రెండు రోజులు పడుతుంది. రోగం సంగతి చెప్పే దీపాన్ని ఆర్పడానికి పది నిమిషాలు చాలు. జుమాకాదిర్ మంచి బల్బు ఊడదీసి, ఆ చోట మాడిన బల్బు పెట్టేవాడు. చోటు ఖాళీగా ఉంటే ఎవరో కావాలని తీశారని తెలిసిపోతుంది. మాడిన బల్బు కనిపిస్తే, పాతబండి కదా, కాలం తీరి మాడిందని సరిపెట్టుకొంటారు. అందుకోసమే తేనెడబ్బా ఒకదానినిండా మాడిన బల్బులు దాచి ఉంచాడు. కొనేవాడు చూసుకోవాలి గాని నాకేమిటని తొలిరోజుల్లో తనకు తాను చెప్పుకొనేవాడు. కొన్నేళ్ళకు ఆ చెప్పుకోవడం కూడా మానేశాడు.

ఏడాదిన్నర క్రితం వసంతంలో అతని అన్న ఒరోజాలి తన తెల్లటి పాత రష్యా కారును పెట్టె ముందుకు తెచ్చి ఆపాడు.

“తమ్ముడూ, ఈ ఎర్రకన్ను మూసెయ్యరా. ఎల్లుండి అత్‌బాషీ నుంచి కొనడానికి మనిషొస్తున్నాడు.”

“ఏమైందన్నా దీనికి?”

“ఏముంది, దోలోన్ కనుమ దిగుతుంటే పెడలు తొక్కితే నేలకంటుకుపోయింది. మంచుకుప్పలోకి తోలి ఆపా. లేకపోతే నువ్వీపాటికి నా జనాజాకి కొత్త టోపీ వెతుక్కుంటుండేవాడివి.”

“అలాంటిదాన్ని బాగుచేయించకుండా అమ్మేస్తావా?”

“వాడు బళ్ళో మాస్టారంట. ఇంటికీ బడికీ మధ్య తిప్పుకుంటాడు. కనుమలెక్కే మనిషి కాదులే. పెద్దవాణ్ణి అడిగా, పని చేస్తావా, పంచాయితీ పెడతావా?”

ఆ నేలమీద అన్న మాటకు తమ్ముడు ఒకసారి అడ్డు చెప్పవచ్చు, రెండోసారి చెప్పరాదు. జుమాకాదిర్ చక్రాల కిందికి వంగి చూశాడు. వెనుక ఎడమచక్రం లోపలివైపు తడిగా మెరుస్తోంది. బ్రేకు సిలిండరు నుండి ఆయిలు చుక్కచుక్కగా ఊరుతోంది. లేచి, చేతులు తుడుచుకొని, డబ్బాలో నుండి మాడిన బల్బు ఒకటి ఏరి తీశాడు.

విధి వల పన్నడానికి దారాలు ఎక్కడెక్కడి నుండో తెస్తుంది. కారు కొన్న లెక్కల మాస్టారు కారిప్‌బాయ్ ఆ రోజు ఒరోజాలి ఇంట టీ తాగాడు. ఆ టీ పోసింది, పెదనాన్న ఇంటికి పనిమీద వచ్చిన జిపారా. మాస్టారికి పెళ్ళికెదిగిన కొడుకున్నాడు. ఆరు నెలలు తిరగకుండానే పెళ్ళివారు తరలివచ్చారు. ముంగిట నిలబడి వారికి ఎదురేగిన జుమాకాదిర్, రంగురంగుల రిబ్బన్లు కట్టుకొని అన్నిటికన్న ముందు వస్తున్న తెల్లకారును చూశాడు. ఎడమదీపం చుట్టూ రాగితీగ చుట్టి ఉంది. చుట్టింది తానే. ఆ క్షణంలో అతని కాళ్ళకు సంకెల పడింది.

నిజం చెబితే, ‘మా ప్రాణాలు తీసే బండిని మాకంటగట్టిన వంశపు పిల్ల’ అన్న మాటను జిపారా జీవితమంతా ఆ ఇంట మోయాలి. చెప్పకపోతే, అదే బండిలో జిపారా కూర్చుంటుంది. ఈ రెంటి మధ్య అతడు ఒక సంవత్సరం నలిగాడు. వియ్యంకుడు నారిన్‌కు వచ్చినప్పుడల్లా “ఒకసారి ఇంజను చూస్తా బావగారూ” అంటూ బానెట్ ఎత్తి, ఎవరూ చూడకుండా తగ్గిన బ్రేకు ఆయిలు నింపేవాడు. బిష్కెక్ నుండి కొత్త సిలిండరు తెప్పించి, కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాడు. అది అక్కడే పదకొండు నెలలు పడి ఉంది. “బండి ఒక్కరోజు వదిలి వెళ్ళండి” అని ఎన్నిమార్లు అడిగినా మాస్టారి జవాబు ఒక్కటే: “నేను బడికి గాడిదెక్కి పోవాలా బావగారూ? గాడిదలు క్లాసులో చాలామందే ఉన్నారు.” ఒరోజాలికి ఫోను చేస్తే, చూయ్ లోయకు మకాం మార్చిన ఆ పెద్దమనిషి నవ్వేవాడు: “ఇంకా నడుస్తోందా? చూశావా, మంచి బండని నేను చెప్పలా?”

ఇలా ఉండగా ఈ ఏడు సెప్టెంబరు నెలాఖరులో, పొద్దెక్కి ఎండ ఇనుపపెట్టె గడప దాటుతున్న వేళ, తెల్లకారు వచ్చి ఆగింది. దాని నెత్తిన రంగులద్దిన చెక్క ఊయల ఒకటి తాళ్ళతో కట్టి ఉంది. ముందు సీటులో నుండి జిపారా దిగింది. చేతుల్లో నలభై రోజులు నిండిన పసివాడు. స్టీరింగు వెనుక నుండి తెల్ల కల్పాక్ టోపీ సవరించుకొంటూ కారిప్‌బాయ్ దిగాడు.

“ఏం బావగారూ, బతికే ఉన్నారా, ఆ పెట్టెలో ఉడికిపోయారా?”

“వియ్యంకుడొస్తే ఉడకాల్సింది మాంసం బావగారూ, నేను కాదు. రండి, లోపలికి రండి.”

“లోపలికి లేదు, బయటికి లేదు. సాయంత్రానికి కోచ్‌కోర్‌లో ఉండాలి. మా అక్క వీణ్ణి ఊయల్లో వేస్తానని ఊరందర్నీ పిలిచి కూర్చుంది. ఆలస్యమైతే వీడి బదులు నన్నే ఊయల్లో వేసి కట్టేస్తుంది. ఇదిగో, ముందీ లెక్క తేల్చండి.” మాస్టారు కారు సొరుగులో నుండి అట్ట చిరిగిన పుస్తకమొకటి బయటకు తీశాడు. “తాళం తిప్పగానే ఏడు దీపాలు వెలగాలని ఇందులో ఉంది. నిన్న రాత్రి మూడుసార్లు లెక్కపెట్టా. ఆరే వెలిగాయి. ఏడు రాయాల్సిన చోట ఆరు రాస్తే నేను పిల్లకాయలకి సున్నా వేస్తా.”

కోచ్‌కోర్ అంటే దోలోన్ కనుమ దాటాలి. జుమాకాదిర్ చూపు వెనుక ఎడమచక్రం మీదికి పోయింది.

“పాతబండి బావగారూ, ఒక్క దీపం వెలక్కపోతే ఏమవుతుంది...”

“అదేంటి, మీరే అలా అంటారు? మనవడితో కనుమెక్కుతున్నా. ఏడూ వెలగాలి.”

“నాన్నా, త్వరగా వేసెయ్యి” అంది జిపారా. “మామయ్య దారిపొడుగునా నాచేత లెక్కపెట్టించారు. నా కళ్ళు కాయలు కాశాయి.” నవ్వుతూ పిల్లవాణ్ణి ఎత్తుకొని తల్లి దగ్గరకు లోపలికి వెళ్ళింది.

ఇక మార్గం లేదు. జుమాకాదిర్ కొత్త బల్బు తీసుకొని, కారు తలుపు తీసి, వెల్లకిలా పడుకొని, తల బ్రేకు పెడలు దగ్గరా కాళ్ళు వీధిలోనూ ఉండగా, డాష్‌బోర్డు కింది నుండి కుడిచెయ్యి లోపలికి దూర్చాడు. స్పీడోమీటరు కేబులు పొట్టిది కావడాన ఆ బండిలో మీటర్ల పలకను ముందుకు లాగడం కుదరదు. వెనుక నుండి చేత్తో తడుముకొనే పని చేయాలి. పక్కసీటులో మాస్టారు స్థిరంగా కూర్చుని పుస్తకం ఒడిలో పెట్టుకొన్నాడు.

“బావగారూ, ఈ బండి కొన్నప్పుడు మా ఊళ్ళో అందరూ ఏమన్నారో తెలుసా? నారిన్ బజార్లో కొంటున్నావు, తెల్లారేసరికి నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులకి పోతాయన్నారు. నేనన్నా, మనిషిని చూసి కొంటాను, బండిని చూసి కాదు. మీ అన్నగారి ముఖం చూశా. కొనేశా. ఆ ముఖాన్ని నమ్మే మీ పిల్లనీ చేసుకున్నా. ఏమంటారు?”

జుమాకాదిర్ వేళ్ళకు హోల్డరు దొరికింది. పావువంతు తిప్పి ఊడదీశాడు. మాడిన బల్బు అరచేతిలోకి వచ్చి పడింది. తాను తేనెడబ్బాలో నుండి ఏరిన బల్బు. గాజు లోపల ఆ నల్లటి మచ్చను అతడు గుర్తుపట్టాడు. చెయ్యి వెనక్కి లాగబోయాడు. రాలేదు. గడియారపు పట్టీ తీగల గుత్తిలో ఎక్కడో తగులుకొంది. గుంజాడు, ఇంకా బిగిసింది.

“ఏమైంది బావగారూ? ఆయాసపడుతున్నారు?”

“చెయ్యి ఇరుక్కుంది.”

“హహ్! బండి మిమ్మల్ని వదలనంటోంది. ఇంటల్లుణ్ణి చేసుకుంటుందేమో!”

స్టీరింగు రొమ్ము మీద, పెడలు చెవి పక్కన, పిడికిట్లో తన పాపపు ముక్క. మాస్టారి మాటలు పైనుండి ఒక్కొక్కటే రాలుతూనే ఉన్నాయి. వంశం మంచిదైతే ఇనుముక్కూడా గుణం ఉంటుందన్నాడు. కోడలు బంగారమన్నాడు. మీలాంటి చేతులు ఈ పట్టణంలో రెండో జత లేవన్నాడు. సమాధిలో దేవదూతలిద్దరు వచ్చి మనిషిని ప్రశ్నిస్తారని చిన్నప్పుడు మసీదు ముల్లా చెప్పిన సంగతి జుమాకాదిర్‌కు జ్ఞాపకం వచ్చింది. ఆ దూతలు తిడతారనే అతడు ఇన్నాళ్ళూ అనుకొన్నాడు. మెచ్చుకొంటారని అనుకోలేదు.

ఎట్టకేలకు పట్టీ తెగింది. గడియారం లోపలే ఎక్కడో పడిపోయింది. దాన్ని వెతకకుండానే కొత్త బల్బు హోల్డరుకు తొడిగి, చోటులో పెట్టి బిగించి, బయటపడి కూర్చున్నాడు.

మాస్టారు తాళం తిప్పాడు. “ఒకటి, రెండు, మూడు... ఏడు! శభాష్!” తరువాత హ్యాండ్‌బ్రేకు వదిలి, కనుబొమలు ముడిచాడు. “ఇదేంటి? మీరు వేసింది మాత్రం ఆరడం లేదే.” పుస్తకం తిరగేసి, బడిలో చదివినట్లు పైకి చదివాడు: “హ్యాండ్‌బ్రేకు వదిలాక కూడా ఎర్రదీపం వెలుగుతుంటే బ్రేకు ఆయిలు తగ్గినట్లు. ఓహో! అంటే ఇన్నాళ్ళూ ఇది మూగదై కూర్చుందన్నమాట!”

బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో ఆయిలు అడుగున బొటనవేలి మందం ఉంది. జుమాకాదిర్ నింపాడు. దీపం ఆరింది. అతడు మోకాళ్ళ మీద వంగి, వెనుక ఎడమచక్రం లోపలివైపు వేలు పెట్టి, తడిసిన వేలు చూపించాడు.

“బావగారూ, ఇక్కడ కారుతోంది. సిలిండరు నా దగ్గరుంది. పూటలో మార్చేస్తా. ఇవాళ వద్దు, రేపు వెళ్ళండి.”

“చుక్క తడికే? మా బళ్ళో కుళాయి ఇంతకన్నా ఎక్కువ కారుతుంది. ఏడాదిన్నర నడిపా, ఏమైంది? ఇప్పుడు దీపం కూడా ఉంది కదా! వెలిగితే ఆగి పోస్తా, ఆరితే పోతా. ఆ ఆయిలు సీసా ఒకటి ఇవ్వండి చాలు. అల్లా మేలు చేశాడు, దీపం మాట్లాడుతోంది.”

ఇది అతడు ఊహించని ముడి. ఇంతకాలం దీపం లేకపోవడమే గండమనుకొన్నాడు. ఇప్పుడు దీపం వెలిగినందుకే వియ్యంకుడు ధైర్యంగా కనుమ ఎక్కుతున్నాడు. దిగుడులో గంటసేపు తొక్కిన బ్రేకు వేడెక్కి, ఊరే చుక్క ధార అయితే, దీపం వెలగడానికీ పెడలు నేలకంటడానికీ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో చెప్పగలిగినవాడు ఒరోజాలి ఒక్కడే. ఆ మాట చెప్పాలంటే మొత్తం చెప్పాలి.

జుమాకాదిర్ పెట్టె వెనుక దొడ్డిలోకి పరుగెత్తాడు. భార్య బూరుల్ పొయ్యి దగ్గర నూనెలో పిండిముక్కలు వేయిస్తోంది.

“గొర్రెను విప్పు.”

“ఏ గొర్రెని? మనకున్నది ఒక్కటి. అది చలికాలానికి కదయ్యా! వాళ్ళు టీ తాగి పోతామంటున్నారు.”

“విప్పమన్నానా!”

“ఏం పూనకమొచ్చింది మీకు? వియ్యంకుడు వచ్చిన ప్రతిసారీ ఆ బండి చుట్టూ తిరగడమేగాని గొర్రె మాటెత్తిన పాపాన పోలేదు...” గొణుగుతూనే తాడు విప్పి అతని చేతికిచ్చింది.

ఆ కొండల్లో ఒక కట్టడి ఉంది. అతిథి ముందుకు గొర్రెను నడిపించి తెచ్చిన తరువాత అతడు గుమ్మం దాటి పోరాదు. అతిథి అరచేతులు చాచి దీవెన చెప్పాలి, అటుపిమ్మట కోయాలి, వండాలి, వయసుకు తగిన ఎముకను వరుస తప్పకుండా పెద్దలకు వడ్డించాలి. అంతా అయ్యేసరికి పొద్దు కుంకుతుంది, కుంకాక కనుమ ఎవరూ ఎక్కరు. జుమాకాదిర్ ఈ కట్టడినే ఉచ్చుగా పన్నాడు. ఉచ్చులో ఉన్నవాడు మరొకరికి ఉచ్చు పన్నాడని చెప్పాలి.

నల్లమూతి గొర్రె కారు ముందుకు వచ్చి నిలిచి, ఊయల తాడు చివరను నమలసాగింది. కారిప్‌బాయ్ ముఖంలో చిరాకూ సంతోషమూ ఒకదాన్నొకటి తోసుకొన్నాయి.

“బావగారూ, ఇది అన్యాయం! మా అక్క నన్ను చంపేస్తుంది. చెల్లెమ్మా, నువ్వైనా చెప్పు!”

“నాకేం తెలుసన్నయ్యా” అంది బూరుల్ పిండిచేతులతో గుమ్మంలో నిలబడి. “గొర్రె ఆయన చేతిలో ఉంది. ఆయన ఎవరి చేతిలో ఉన్నాడో అల్లాకే తెలియాలి.”

మాస్టారు నిట్టూర్చి, ఫోనులో అక్కకు రెండు ముక్కలు చెప్పి, ఆమె కేకలు వినబడకుండా ఫోను జేబులో వేసుకొన్నాడు. టోపీ సరిచేసుకొన్నాడు. అరచేతులు రెండూ కలిపి దోసిలిగా ముందుకు చాచాడు. మసీదులో లాగ అందరూ చేతులు చాచారు. గుమ్మంలో జిపారా పిల్లవాణ్ణి మోచేతి మీద పడుకోబెట్టుకొని ఒక అరచేయి చాచింది.

“సరే. దీవెన గురి లేకుండా పోకూడదు” అన్నాడు కారిప్‌బాయ్. “అతిథి కోసమా, పోయినవాళ్ళ పేరు మీదా, మొక్కా? ఏ సంకల్పంతో కోస్తున్నారో నోటితో చెప్పండి బావగారూ. అప్పుడే నేను నోరు విప్పుతా.”

ఎవరూ అతణ్ణి అనుమానించి అడిగిన ప్రశ్న కాదది. ఆ నేలమీద ప్రతి దీవెనకూ ముందు అడిగేదే. ‘అతిథి కోసం’ అన్న రెండు మాటలు చాలు. జుమాకాదిర్ నోరు తెరిచాడు. చాచిన చేతుల మధ్య, దైవం వింటున్నదని అందరూ నమ్మే ఆ నిశ్శబ్దంలో, ఆ రెండు మాటలూ గొంతు దాటి రాలేదు. ఆ చేతులతో ఎన్ని కళ్ళు మూశాడో గాని, చాచిన చేతుల ఎదుట అబద్ధమాడిన అలవాటు అతనికి లేదు.

“మీరు కనుమెక్కకుండా ఆపడానికి” అన్నాడు.

“అంటే?”

“ఆ దీపం మాడిపోలేదు బావగారూ. నేనే మార్చా. మంచిది తీసి మాడింది పెట్టా. మీరు కొనడానికి రెండు రోజుల ముందు. మా అన్నకి దోలోన్ దిగుతుంటే పెడలు నేలకంటింది. అందుకే అమ్మాడు. నాకు తెలుసు. తెలిసే చేశా. తర్వాత మీరొచ్చినప్పుడల్లా ఆయిలు పోస్తూ వచ్చా. పోస్తే సరిపోదు, దిగుడులో నిలవదు. నాకు తెలుసు.”

చాచిన చేతులు అలాగే ఉన్నాయి. మొదట దించినది జిపారా.

“నాన్నా, పోయిన వారం వీడికి జ్వరమొస్తే మామయ్య ఈ బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేను ముందు కూర్చున్నా. వీడు నా ఒళ్ళో ఉన్నాడు. నేను నీకు ఫోను కూడా చేశా. బండిలో నుంచే చేశా.”

“తెలుసమ్మా.”

“‘బెల్టు పెట్టుకో’ అన్నావు.”

అతడు తల వంచుకొన్నాడు. ఆమె వెళ్ళి కారు మీది ఊయల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది, ఒక్క చేత్తో, ముళ్ళను పళ్ళతో కొరికి. బూరుల్ సాయానికి వెళ్ళబోతే తల అడ్డంగా ఊపింది.

కారిప్‌బాయ్ వీధిలోకి నడిచాడు. విద్యుత్ స్తంభం దాకా వెళ్ళి, ఆగి, తిరిగి వచ్చాడు. వచ్చినవాడు జుమాకాదిర్ ముఖం వైపు చూడలేదు, గొర్రెను చూశాడు.

“అత్‌బాషీకి బస్సు ఎన్నింటికుంది?” అని బూరుల్‌ను అడిగాడు.

“నాలుగింటికన్నయ్యా.” ఆమె గొర్రె వైపు చూసింది. “కానీ గొర్రె... ముందుకొచ్చిన గొర్రెని...”

“నాకు తెలుసమ్మా. దీవెన లేకుండా వెనక్కి తోలకూడదు. మా తాత చెప్పేవాడు, అలా తోలితే రెండిళ్ళకీ కీడని. నీ మొగుడు నన్ను బాగానే కట్టేశాడు.” అప్పుడు మొదటిసారిగా జుమాకాదిర్ వైపు తిరిగాడు. “ఇలా ఎన్ని బళ్ళకి చేశావు?”

‘మీరు’ పోయింది. ‘బావగారూ’ కూడా పోయింది. జుమాకాదిర్ దాన్ని విన్నాడు.

“లెక్క పెట్టలేదు.”

“నేను లెక్కల మాస్టర్ని. ‘లెక్క పెట్టలేదు’ అంటే నా ముందు చెల్లదు. ఇల్లు తెలిసినవి చెప్పు.”

జుమాకాదిర్ వేళ్ళు మడిచాడు. కసాయి కొట్టువాడి అంబులెన్సు లాంటి వ్యాను. పోస్టాఫీసు వెనుక విధవరాలి కారు. పైవీధి టాక్సీలు మూడు. ఒక్కొక్క వేలూ మడుస్తుంటే వేలి బరువు తెలిసింది. రెండు చేతులూ అయిపోయి మళ్ళీ మొదటి వేలికి వచ్చింది.

“పదకొండు.”

“పదకొండు ఇళ్ళలో ఎంతమంది ఎక్కుతారో తెలుసా? అదీ లెక్కే.” మాస్టారు కోడలి చేతిలోని మనవడి వైపు చూశాడు. గొర్రె ఒకసారి అరిచింది. “ఇది అతిథి గొర్రె కాదు. నేనివాళ ఇక్కడ అతిథిని కాను. గండం గడిచినవాళ్ళు కోసే గొర్రె ఇది. అలాంటి మాంసం ఇంట్లో ఉంచుకోకూడదు. నేనూ తినను, నువ్వూ తినవు. ఆ పదకొండిళ్ళకీ పంచాలి. మాంసంతో పాటు ఒక్కో బల్బు పట్టుకెళ్ళు. ఎందుకు తెచ్చావని అడుగుతారు. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు.”

“కొడతారు.”

“కొట్టనీ. బండి ఇక్కడ వదిలిపోతున్నా. చక్రం విప్పు. నేనూ కోడలూ నాలుగింటి బస్సుకి పోతాం. ఎప్పుడొచ్చి తీసుకుంటానో చెప్పలేను.”

జిపారా ఊయలను నేలమీద దించి దాని పక్కన నిలబడింది. తండ్రి వైపు చూడలేదు. అయినా, మామగారు టోపీ సవరించుకొని మళ్ళీ దోసిలి చాచగానే, ఆమె కూడా ఒక అరచేయి చాచింది. బూరుల్ పిండిచేతులు చాచింది. జుమాకాదిర్ ఆయిలూ మసీ పట్టిన అరచేతులు చాచాడు. కారిప్‌బాయ్ కళ్ళు మూసుకొని, క్లాసులో కాక మసీదులో వినిపించే గొంతుతో ఇలా అన్నాడు:

“అల్లా, ఈ చేతులు మూసిన కళ్ళన్నిటినీ ఈ చేతులే తెరిచేలా చెయ్యి. పదకొండో గడప దాటేదాకా ఈ మనిషి మోకాళ్ళకి బలం ఇవ్వు. ప్రతి గడప దగ్గరా వినే ఓపికున్న మనిషి ఎదురయ్యేలా చెయ్యి. నా కోపాన్ని నా మనవడు నడక నేర్చేలోగా చల్లార్చు, వాడు తాతలిద్దరి వేళ్ళూ పట్టుకుని నడవాలి. ఈ తల్లి పొయ్యి ఆరకూడదు, ఈ ఇంటి పిండి తరగకూడదు. ఈ ఇంట పుట్టిన పిల్ల మా ఇంట తలెత్తుకుని తిరగాలి. ఆమెని ఈ మాటతో ఎవరైనా నొప్పిస్తే, ఆ మాట అన్న నాలుక నాదే అయినా సరే, ఎండిపోనీ. కనుమెక్కే ప్రతి బండీ దిగి ఇల్లు చేరాలి. ఈ గడపకి మేలు జరగాలి, ఈ గడపలో ఉన్నవాళ్ళందరికీ, ఈ మనిషికి కూడా, మేలు జరగాలి. ఆమీన్.”